దిబ్బలో పారేసిన తక్కెడ

మొన్న మదనపల్లెలో కూతురింటికి పోయినప్పుడు, మనవరాలు పెరట్లో మట్టి పిసికి, కట్ట గట్టిగా నిలవాలని కొబ్బరిపీచు కలిపి కట్టుకున్న చిన్న చెరువును నా కూతురు చీపురుతో ఊడ్చేసి, బడిలో ప్రాజెక్టు అడిగారని బస్టాండు దగ్గర అంగట్లో అమ్మే థర్మోకోల్ చెరువును కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది. దాంట్లో నీళ్ళు పోయడానికి లేదు, పోస్తే రంగు కరిగిపోతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇవాళ్టిది కాదు.

తొంభైల చివర చౌడేపల్లె దగ్గర మా ఊళ్ళో, ఊరివాళ్ళమే కలిసి ఒక చిన్న బడి పెట్టుకున్నాం, నేను అందులో పాఠాలు చెప్పేదాన్ని. పుస్తకాలు తక్కువ కాబట్టి చేతికి దొరికిందే పాఠం. పాత ఎక్స్‌రే కాగితాలు కత్తిరించి తోలుబొమ్మలు ఆడించేవాళ్ళం, వంకలోని బంకమట్టితో పుంగనూరు పొట్టి ఆవును చేసేవాళ్ళం, నా కూతురైతే రెండు కొబ్బరిచిప్పలూ ఒక వెదురుపుల్లా పెట్టి తక్కెడ కట్టి, ఊరి అంగట్లో తూకం సరిచూసుకొచ్చిన గులకరాళ్ళతో టమేటాలు తూచి లెక్కలు నేర్చుకుంది. నా ఈడువాళ్ళు నవ్వుకుంటారేమో గానీ, ఆ పిల్లలకు తూకం అంటే ఏమిటో వేళ్ళకు తెలుసు.

బడికి గుర్తింపు రాకపోతే మా పిల్లల్ని పుంగనూరు హైస్కూల్లో చేర్చుకోబోమని చెప్పారు. తనిఖీకి అధికారి వస్తున్నాడని తెలియగానే, బడికి పెద్దగా ఉన్న మా మామగారు, పెళ్ళిచూపులకు పక్కింటి కుర్చీలు తెచ్చి వేసినట్టే, పుంగనూరులో తెలిసినవాళ్ళ కాన్వెంటు నుంచి ఇంగ్లీషు చార్టులు అడిగి తెచ్చి గోడల నిండా తగిలించి, పిల్లలు చేసినవన్నీ గంపలకెత్తించి వెనక పేడదిబ్బలో పోయించాడు. నేను అడ్డం పోతే ఒకటే మాట అన్నాడు.

"ఈ మట్టి బొమ్మలు సూస్తే ఆయప్ప ఏమనుకుంటాడమ్మా, నలుగురిలో నగుబాటు అవుతాది."

ఆయన చెడ్డవాడు కాదు, బడి నిలవాలనే చేశాడు, అయినా ఈనాటికీ ఆయన మీద నాకు కోపం తగ్గలేదు. వచ్చిన అధికారి బెత్తం పెట్టి గుండె బొమ్మ చార్టు చూపించి, ఆ ఇంగ్లీషు అక్షరాలు చదివి చెప్పమని నా కూతుర్నే లేపాడు. ముందురోజు దాకా చూడని చార్టు గురించి అదేం చెబుతుంది? మిగతా పిల్లలూ తలలు వంచుకున్నారు. పోతూ పోతూ దిబ్బలో సగం మునిగిన తక్కెడను చూసి అదేమిటని అడిగాడు కూడా. పిల్లకాయలు ఆడుకునేది సార్, అని మామగారు నవ్వేశాడు. నేను నోరు తెరిచేలోపే జీపు కదిలిపోయింది.

గుర్తింపు రాలేదు. మరుసటి ఏడు బడి మూతపడింది. కలిగినవాళ్ళు పిల్లల్ని ఆటోలెక్కించి కాన్వెంటుకు పంపారు, లేనివాళ్ళ ఆడపిల్లలు టమేటా కోతలకు పోయారు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ సంతలో కనబడి టీచరక్కా అని పలకరిస్తారు.

ఇదంతా మనసులో పెట్టుకుని, బిడ్డ కట్టుకున్న చెరువును యాల ఊడ్చేసినావని నా కూతుర్ని గట్టిగానే నిలదీశాను. అది తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"అందురూ అంగట్లోవే తెస్తారుమా. ఈ మట్టిది ఎత్తుకపోతే బిడ్డకు నగుబాటు అవుతాది."

అచ్చం వాళ్ళ తాత మాటే. ఆవేళ జీపు పోగానే ఏడ్చుకుంటూ పోయి, మోచేతుల దాకా పేడ పూసుకుని దిబ్బలోంచి తన తక్కెడను వెతికి తెచ్చుకున్న పిల్ల ఇదేనా అనిపించింది. దానికంటే నన్ను కుంగదీసింది మనవరాలు. ఆ పిల్ల ఏడవను కూడా లేదు. చేతులు కడుక్కుని వచ్చి, థర్మోకోల్ చెరువు మీద తన పేరు రాసుకుంటూ కూర్చుంది.