కెమెరాకు తెలుగు రాదు

విరుదునగర్‌లో నేను బొమ్మలు వేయడం నేర్పే కాలేజీలో చేరిన కొత్తలోనే మా సారు చెప్పేశారు, ప్రేరణ దానంతటది రాదు, వెతుక్కోవాలి అని. మ్యూజియంలు చూడండి, కళాకారులను కలవండి, కొత్త మాధ్యమాలు పట్టుకోండి అన్నారు. కోవిల్‌పట్టి నుంచి రోజూ పాసింజర్ రైల్లో నిలబడి వచ్చే నాకు ప్రేరణ కన్నా కిటికీ పక్క సీటు మీద ఎక్కువ ఆశ ఉండేది. అయినా బుద్ధిగా అన్నీ చేశాను. నాకు దొరికిన కళాకారులు ఇద్దరు. ఒకాయన పెళ్ళిళ్ళకు ఫ్లెక్సీలు తయారుచేస్తాడు, ఇంకొకాయన కేలండర్లకు దేవుళ్ళను వేసి వేసి విసుగొచ్చి మానేశాడు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు నన్ను బి.ఎడ్. చెయ్యమన్నారు.

మ్యూజియం నయం. అక్కడ ఫ్యాన్ ఉంది. అద్దాల బీరువాలో ఒక రోలు, ఒక చేట, ఒక ఇత్తడి చెంబు పెట్టి, పాతకాలపు గృహోపకరణాలు అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంచారు. ఆ పొద్దున మా ఇంట్లో చట్నీ అలాంటి రోట్లోనే రుబ్బారు. మేము పాతకాలం వాళ్ళమని అంతవరకు మాకెవరూ చెప్పలేదు.

కానీ అక్కడే నాకు ఆలోచన వచ్చింది. వస్తువులైతే అద్దం వెనక ఉన్నాయి, వాటిని మేము పిలిచే పేర్లు లేవు. మాది ఎన్నో తరాల కిందట ఈ నల్లరేగడి సీమకు వచ్చిన తెలుగు కుటుంబం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఈ అక్షరాలు నేను తరవాత ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నవి. నాయన మాటల్లో సగం ఎప్పుడో తమిళమైపోయింది. పూర్తి తెలుగు మిగిలింది మా అవ్వ నోట్లోనే.

కాబట్టి ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఇంట్లో సామాన్లనే వరసగా పేర్చి, ఒక్కొక్కదాని ముందు ఒక క్యూఆర్ కోడ్ అంటిస్తాను. చూసేవాళ్ళు దానికి ఫోన్ చూపిస్తే అవ్వ గొంతు తెలుగులో ఆ వస్తువు సంగతి చెబుతుంది. ఇది చెబితే సారు ఎగిరి గంతేశారు. "అథెంటిక్! ఆర్కైవ్!" అన్నారు. ఆయనకు బాగా నచ్చినవన్నీ ఇంగ్లీషులోనే నచ్చుతాయి. నాయనకు మాత్రం నచ్చలేదు. ఈ ప్రాజెక్టులో ఫెయిలైతే చదువు కట్టిపెట్టి పెదనాన్న అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో కూర్చోమని తేల్చి చెప్పాడు. ఆ ఆఫీసులో గంధకం వాసన పీలుస్తూ బతుకంతా ఉండటం తలుచుకుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చేది.

అవ్వ వెంటనే ఒప్పుకుంది. తల దువ్వుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది. నేను ఫోన్ ఎత్తి పట్టుకుని చెంబు చూపించాను.

"ఇదు సెంబు. ఇదుల తణ్ణి కుడిప్పోం," అంది, తాలూకాఫీసులో సమాధానం చెబుతున్నట్టు. చెంబు, దాంతో నీళ్ళు తాగుతాం అని శుద్ధమైన తమిళంలో.

"అవ్వా, మన మాటలో చెప్పు."

"సరి సరి," అని గొంతు సవరించుకుని చేట చేతికి తీసుకుంది. "ఇదు మురం."

ఫోన్ దించాను. దించగానే తెలుగు వచ్చేసింది. "ఏం అమ్మణ్ణీ, ఆపినావు? బాగా చెప్పలేదా నేను?"

"తమిళం ఎందుకు మాట్లాడతావు అవ్వా?"

"అది బయటోళ్ళు చూసేది గదా. వొచ్చినోళ్ళ ముందర వాళ్ళకు రాని బాష మాట్లాడేది మరియాదా? నీ కెమెరాకు తెలుగు వొస్తుందా ఏమి?"

రాదు మరి. అవ్వ లెక్కలో ఫోన్ ఇంటికొచ్చిన పరాయి మనిషి. పరాయి మనిషి ముందు ఇంటి మాటలు మాట్లాడుకుంటే తనను తిడుతున్నామేమో అనుకుంటుంది పాపం. బతిమాలాను, అలిగాను, పూలు కొనిచ్చాను. పూలు పెట్టుకుని తమిళంలోనే మాట్లాడింది.

చివరికి సారుకు చెప్పేశాను. "నేనొస్తాను. పెద్దవాళ్ళతో మాట్లాడించడం ఒక కళ," అన్నారు తమిళంలో. ఆ ఆదివారమే ఖద్దరు కుర్తాలో, భుజాన స్టాండుతో దిగారు. అవ్వ ఆయనకు వేరుశెనగ మిఠాయి పెట్టి తమిళంలో క్షేమం అడిగింది. ఆయన కెమెరా బిగించి, రికార్డింగు ఎర్ర దీపం వెలిగించి, అవ్వను పాట్టీ అని పిలుస్తూ, మీరు ఇంట్లో మాట్లాడుకునేటట్టే మాట్లాడండి అని తమిళంలో బతిమాలారు. అలాగే నాయనా అని ఆమె తమిళంలో ఒప్పుకుంది. నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

మాటల్లో అవ్వ ఆయన ఊరడిగింది. ఆలంగుళం పక్కన, సిమెంటు ఫ్యాక్టరీ అవతల అన్నారు. ఆ పల్లె పేరు చెప్పగానే ఆమె కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. ఎవరి వంశం అని అడిగింది. సారు కాసేపు కెమెరా వంక చూశారు, నా వంక చూశారు, తరవాత మెల్లగా తమ ఇంటిపేరు చెప్పారు. అచ్చమైన తెలుగు ఇంటిపేరు.

మా వైపు ఇంటిపేరు ఏ కాగితం మీదా ఉండదు. తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టుకుని బడిలో, ఆఫీసులో కానిచ్చేస్తాం. పెళ్ళి సంబంధాల వేళ ముసలివాళ్ళు అడిగితే తప్ప అది బయటికి రాదు. అందుకే ఇన్నేళ్ళుగా నేనూ ఆయనా ఒకరితో ఒకరం తమిళంలో మాట్లాడుకుంటూ, తెలుగును ఎలా పట్టుకోవాలా అని చర్చించుకుంటూ వచ్చాం.

"అయ్యో, మనోళ్ళే గదరా!" అంది అవ్వ. "ఇంతసేపూ నా చేత తమిళం మాట్లాడిస్తివే!"

"మాట్లాడి శానా ఏండ్లాయ అవ్వా," అన్నారు సారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "మా అమ్మ పొయినాక ఎవురితోనూ లేదు. ఇంట్లో పిల్లోళ్ళకు రాదు."

ఇక అవ్వకు కెమెరా గుర్తులేదు. చెంబు, చేట, దుత్త, ఉట్టి, గంప, ఒక్కొక్కటే తెచ్చి ఆయన ముందు పెట్టి, మీ అమ్మ దీన్ని ఏమనేది, ఇందులో ఏం పోసేది అని అడిగింది. ఆయన చెబుతూ చెబుతూ ఉట్టి దగ్గర ఆగిపోయారు. మొహం చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అవ్వ ఆయన తల నిమురుతూ కూర్చుంది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నాకు కావలసినదంతా అందులో పడుతోంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా గుండె సంతోషంతో కొట్టుకుంది.

సారు లేచి కెమెరా ఆపేశారు. "ఇది వొద్దులేమ్మా. ఇంటి మాట ఇది," అన్నారు నాతో, మొదటిసారి తెలుగులో.

నాకు ఒళ్ళు మండింది. ఆర్కైవ్ అని ఏడాది పొడుగునా నా చెవులు హోరెత్తించిన మనిషి ఈయనే. ఏదో అనబోయాను. "తుడిచెయ్యి అమ్మణ్ణీ," అంది అవ్వ. "ఆ బిడ్డ ఏడ్చింది దాంట్లో ఉండాది." ఆమె చూస్తుండగానే తుడిచేశాను. గడప దాటి చెప్పులు వేసుకుంటూ సారు తమిళంలోకి వెళ్ళిపోయి, గడువులోగా ప్రాజెక్టు పెట్టెయ్యమన్నారు.

తమిళంలో ఉన్నదే పెట్టాను. ప్రదర్శనకు వచ్చినవాళ్ళు ఫోన్లు చూపించి, ఇదు సెంబు అని విని మురిసిపోయారు. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, అచ్చమైన తమిళ పల్లె గొంతు అని మెచ్చుకున్నాడు. సారు పక్కనే నిలబడి తల ఊపారు. నేను పాసయ్యాను. అగ్గిపెట్టెల ఆఫీసు తప్పింది.

ఇప్పుడు ఆదివారాలు సారు ఫోన్ చేస్తారు. నాతో తమిళంలో, పాట్టికి ఇవ్వమ్మా అంటారు. అవ్వ ఫోన్ తీసుకుని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. అరగంట సేపు నవ్వులూ, తిట్లూ, ఏవేవో మాటలూ. అన్నీ తెలుగులోనే, ఏదీ నాకు సరిగా వినిపించదు. మొన్న బయటికి వచ్చాక అడిగాను, ఆయనతో అంత మాట్లాడతావు, ఆ సంగతులు నాకెందుకు చెప్పవు అని.

"ఆ బిడ్డకు ఎవురూ లేరు," అంది. "నీకేమి, నేనుండాను గదా."

ఫోన్ నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా మెట్టు దిగింది.