కరెంటు పోతే మురిసిపోయే రత్నం గారు

తిరువూరులో సగం ఇళ్లకు వెలుగు తెచ్చిన వైరింగ్ మేస్త్రి వెంకటరత్నం గారు గత గురువారం ఉదయం దివంగతులయ్యారు. ఆ దుర్వార్త ఫోనులో వినేసరికి నా కొట్టు షట్టరు సగమే ఎత్తి ఉంది. పూర్తిగా ఎత్తడానికి చేతులు రాలేదు. ముందు రోజు సాయంత్రమే కొట్టులో కూర్చుని, నేను తెప్పించిన ప్లగ్గుల నాణ్యతను తనివితీరా తిట్టి వెళ్లారాయన. నేను ఇన్నేళ్లుగా ఎలక్ట్రికల్ సామాను అమ్ముతున్నాను. ఏది అమ్మకూడదో నేర్పిన గురువు ఆయనే.

ఆయన మహోపన్యాసాలకు వేదిక నా కౌంటరే. పసిపిల్లలున్న ఇంటివారెవరైనా వస్తే, వైరు తగిలించని కొత్తరకం సాకెట్ ముందు పెట్టి చీపురుపుల్ల చేతికిచ్చేవారు. "దూర్చండి చూద్దాం, తాతగారూ!" ఎంత పొడిచినా పుల్ల విరిగేదే కానీ లోపలికి పోయేది కాదు. "రెండు పిన్నులూ ఒక్కసారి వస్తేనే లోపలి తలుపు తెరుచుకుంటుందండీ. మీ మనవడు మీకంటే బలవంతుడైతే చెప్పండి, ఇంకోటి ఆలోచిద్దాం." ఎ.కొండూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పంతం పట్టి నా చీపురు సగం ఖాళీ చేశారు. చివరికి ఇల్లంతటికీ ఆ సాకెట్లే పట్టుకెళ్లి, రత్నం గారి చేతే బిగింపించుకున్నారు. కొత్త చీపురు మాత్రం నేనే కొనుక్కున్నాను.

అంతకన్నా ప్రసిద్ధమైనది ఆయన గృహప్రవేశ సంప్రదాయం. మనిషి ఒంట్లోకి కరెంటు పారితే రెప్పపాటులో తనంతట తానే పడిపోయే ట్రిప్ స్విచ్ పెట్టనిదే ఆయన ఇల్లు అప్పగించేవారు కారు. పాలు పొంగగానే ఇల్లాలిని పిలిచి, ఆ స్విచ్ మీది పరీక్ష బొత్తాం అందరి ఎదుటా నొక్కించేవారు. లైట్లు ఆరిపోయేవి, ఫ్యాన్లు ఆగిపోయేవి. మొదట్లో పురోహితులు గారు, "శుభమా అని కొత్తింట్లో అడుగుపెడుతుంటే ఈ లైట్లు ఆర్పడమేంటయ్యా?" అని మండిపడ్డారు. "ఇవాళ ఆరితేనే రేపు మనిషిని కాపాడుతుందండీ. ఆరకపోతే అప్పుడు భయపడాలి" అన్నారీయన పసిపిల్లాడిలా మురిసిపోతూ. కొన్నాళ్లకు ఆ పురోహితులు గారే ముహూర్తం చీటీలో బొత్తాం నొక్కే సమయం కూడా రాసివ్వసాగారు. లైట్లు ఆరగానే చుట్టాలంతా చప్పట్లు కొట్టడం మా ఊళ్లో ఆచారమైపోయింది.

అంతటి మనిషికి తెలియకుండా నేనొక ఘోరం చేశాను. మా ఇంట్లో గ్రైండర్ వేసినప్పుడల్లా స్విచ్ పడిపోతోందని విసిగి, దాన్ని తప్పించి కరెంటు డైరెక్టుగా ఇచ్చేశాను. ఒకరోజు దోసెలకు వచ్చిన రత్నం గారు బోర్డు చూసి ప్లేటు పక్కన పెట్టేశారు. "షావుకారు గారూ, గ్రైండర్‌లో జబ్బుందని అది మొత్తుకుంటోందండీ. మీరు దాని నోరు నొక్కేశారు." విప్పి చూస్తే, తడికి పాడైన వైరు లోపల ఇనుముకు తగులుతోంది. మా ఆవిడ రోజూ తడి చేయి వేసేది దానిమీదే. అంతా బాగుచేశాక ఆయన వేడివేడిగా ఆరు దోసెలు తిన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఆ గురువారం, దూరపు బంధువులు వచ్చేదాకా ఆయన పార్థివదేహాన్ని ఉంచడానికి ఫ్రీజర్ పెట్టె అద్దెకు తెప్పించారు. తగిలించిన కాసేపటికే ఇంటి ట్రిప్ స్విచ్ పడింది. ఎత్తాం. వినగడప నుంచి వచ్చిన మేనల్లుడు దండ వేసి, పెట్టె మీద చెయ్యి ఆనించగానే మళ్లీ పడింది. ఎండ ముదురుతోంది. "ఇవాళ్టికి డైరెక్ట్ ఇచ్చేయండి బాబాయ్ గారూ, రేపు చూసుకోవచ్చు" అన్నాడతను. అందరూ నా వైపే చూస్తున్నారు. నిజం చెప్పొద్దూ, నా చెయ్యి బోర్డు దాకా వెళ్లింది.

రత్నం గారి సహధర్మచారిణి సుశీలమ్మ గారు ఏడుపు ఆపి తలెత్తారు. "వద్దు అన్నయ్యగారూ. ఆయన పెట్టిన స్విచ్ ఊరికే పడదు. ముందు ఆ పెట్టె సంగతి చూడండి."

ప్లగ్గు పీకి పెట్టె అడుగు విప్పాను. ఎర్త్ వైరు ఎప్పుడో తెగిపోయింది. మరో వైరు ఒరుసుకుపోయి రేకుకు ఆనుతోంది. కడిగిన తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి ఊరంతా తాకబోయేది ఆ పెట్టెనే. పోయాక కూడా ఆయన మమ్మల్ని కాచారు.

వేరే పెట్టె తెప్పించి తగిలించాం. అప్పుడు సుశీలమ్మ గారు లేచి, కళ్లు తుడుచుకుని, బోర్డు దగ్గరికి వెళ్లి ఆ పరీక్ష బొత్తాం నొక్కారు. లైట్లు ఆరాయి, ఫ్యాన్లు ఆగాయి. మొదట చప్పట్లు కొట్టింది ఎ.కొండూరు పెద్దాయన. ఆ తర్వాత రత్నం గారు వైరింగ్ చేసిన ఇళ్లవాళ్లమందరం కొట్టాం, ఏడుస్తూనే నవ్వుతూ.

అటువంటి మేస్త్రి మా ఊరికి మళ్లీ దొరకరు. ఆ పుణ్యమూర్తికి నేను అర్పించగల నివాళి ఒక్కటే. రత్నం గారూ, ఇవాళ పొద్దున మా ఇంట్లో బొత్తాం నొక్కి చూశానండీ. పడింది.