ముందు వరుసలో సోఫా

చిక్కడపల్లి ధర్మారావు సచివాలయంలో సూపరింటెండెంటుగా రిటైరై, నారాయణగూడలోని ఒక చర్చికి కార్యదర్శి అయ్యాడు. దేవుడంటే ఆయనకు భక్తే. కాకపోతే దేవుడి ఆజ్ఞకు జీవో నంబరు ఉండదు కదా, అందుకని నంబరున్న ఆజ్ఞలకే కాస్త ముందు వంగేవాడు.

2014 ఎన్నికలొచ్చాయి. ఒక అభ్యర్థి ఆదివారం ఆరాధనకు వస్తానని కబురు పంపాడు. గెలిస్తే ధర్మారావును ఏదో బోర్డులో సభ్యుణ్ణి చేయిస్తాననే మాట కూడా ఆ కబురు వెంటే వచ్చింది. రిటైరయ్యాక ఎవరూ లేచి నమస్కారం పెట్టని మనిషికి అంతకన్నా మోక్షం ఏముంటుంది? అశోక్‌నగర్ నుంచి సోఫా కిరాయికి తెప్పించి ముందు వరుసలో వేయించాడు. అక్కడ ఎప్పుడూ కూర్చునే హనుమమ్మ, చెవులు సరిగ్గా వినపడని ముసలామె, అడ్డమొచ్చింది.

"అవ్వా, జర ఎనకకు పో. పెద్దసారు వస్తుండు."

"ఎనక నాకు ఇనవడదు గద బిడ్డా."

"మైకున్నది. నువ్వు పో."

ఆమె కర్ర పట్టుకుని చివరి బెంచీకి పోయింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఆనాటి వాక్యపాఠం చదివే వంతు ధర్మారావుదే. తీరా చూస్తే బైబిల్లో యాకోబు రాసిన పత్రిక, రెండో అధ్యాయం. బంగారు ఉంగరంతో, ఖరీదైన బట్టలతో వచ్చినవాడికి మంచి చోటిచ్చి, పేదవాణ్ణి పక్కకు నెట్టేవాళ్లకు అందులో చీవాట్లే చీవాట్లు. ధర్మారావు పాస్టరు ఉదయ్ కుమార్ దగ్గరికి ఉరికాడు.

"పాఠం జర మార్చొచ్చు గద అయ్యగారు?"

"సోఫా మార్చుండ్రి సార్, అల్కగ అయితది."

సోఫా మారలేదు. అభ్యర్థి వేలికో ఉంగరంతో వచ్చి అందులో కూర్చున్నాడు. ధర్మారావు మైకుకు దూరంగా జరిగి, పాఠాన్ని నోట్లోనే నమిలి మింగేశాడు. చివరి బెంచీ నుంచి కేక వినపడింది.

"ఇనవడ్తలేదు కొడుకా! దేవుని మాట గట్ల నములుతరా? గట్టిగ సదువు!"

జనమంతా తిరిగి చూశారు. ఇక తప్పక గట్టిగా మొదలుపెట్టాడు. ఉంగరం మాట రాగానే అభ్యర్థి నవ్వుతూ చేతులు జోడించాడు. తనకు స్వాగతం అనుకున్నాడు పాపం. తర్వాత పేదవాడి మాట వచ్చింది. ధర్మారావుకు సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఎవరెవరికో ఉత్తర్వులు పంపినవాడికి, తన పేరిట ఒకటి ఇప్పుడే అందినట్టనిపించింది.

బైబిలు తెరిచే ఉంచి కిందికి దిగాడు. హనుమమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చి, సోఫాలో అభ్యర్థి పక్కన కూర్చోబెట్టాడు. అభ్యర్థి ముందు అటు జరిగాడు, కాసేపటికి లేచి వెళ్లిపోయాడు. బోర్డు పదవి కూడా ఆయన వెంటే పోయింది.

హనుమమ్మ సోఫాను చేత్తో తడిమి చూసింది.

"ఇప్పుడు సదువు బిడ్డా. మొదటి నుంచి."

ధర్మారావు మొదటి నుంచి చదివాడు.