రాహుకాలంలో రీస్టార్ట్

భవానీపురంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే శరత్‌చంద్ర గారికి నోరు తప్ప ఏదీ వేగంగా పనిచేయదు. ఈమధ్య వీధంతా చెప్పుకునేంత పవర్‌ఫుల్ కంప్యూటర్ కొన్నారు. దానికి పసుపూ కుంకుమా పెట్టి, అలవాటైందని తన పాత ఆపరేటింగ్ సిస్టమ్‌నే ఎక్కించుకున్నారు. ఉన్న మెమరీలో పదోవంతు కూడా అది గుర్తించలేదు.

"కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలండీ" అన్నాను, దాన్ని చూడ్డానికి వెళ్లిన కంప్యూటర్ మెకానిక్‌ని.

ఆయన పంచాంగం తిరగేసి ముహూర్తం పెట్టారు. సరిగ్గా ఆ ఘడియకే నాచేత ఇన్‌స్టాల్ బటన్ నొక్కించారు. పని సగంలో ఉండగా, ఇక రీస్టార్ట్ అవుతానని తెరమీద అక్షరాలు వచ్చాయి. ఆయన గోడ గడియారం చూసి అదిరిపడ్డారు.

"రాహుకాలంలో మొదలవడమేంటండీ!" అంటూ, నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే ప్లగ్ పీకేశారు.

మళ్లీ ఆన్ చేస్తే ఎర్రర్ మెసేజ్ తప్ప ఏమీ రాలేదు.

"మొదట్నుంచీ వేయాలి" అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఆషాఢం వచ్చేలోపు ఇక ముహూర్తాల్లేవండీ, శ్రావణంలో చూద్దాం. అయినా మీ హస్తవాసి కూడా ఏమంత బాగున్నట్టు లేదు."

ఇప్పటికీ ఆల్బమ్‌లన్నీ పాత కంప్యూటర్లోనే చేస్తున్నారు. కొత్తదాని దగ్గర వెలిగేది, రోజూ ఆయన గుచ్చే అగరుబత్తి ఒక్కటే.