సావు లేని కుక్క పేరు

మా ఎదురింటి కటింగ్ మాస్టరు మొన్న శనివారం పోయినాడు. రాయదుర్గం జీన్సు షెడ్లలో పదైదేండ్లు గుడ్డ కోసినోడు. ఆ నీలం దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకొనిందని డాక్టరు అన్నాడంట. నాకన్నా ముప్పై ఏండ్లు చిన్న. నన్ను గురించి ఆయప్ప చెప్పుకోవాల్సింది, ఆయప్పను గురించి నేను రాస్తాండా.

పెండ్లికి పోయినా చెవి మీద సుద్దముక్క ఉండాల్సిందే. ఎవురన్నా తగాదా తెస్తే, "కత్తెర పడినాక దేవుడు గూడా అతికించలేడు మామా, కుట్టగలడంతే" అనేవాడు.

ఆ మాట వెనక రెండు ఉయ్యాలలు ఉండాయి. ఇద్దరు పిల్లలు ఏడాది నిండకుండానే పోయినారు. మూడో కాన్పుకు ఆడబిడ్డ. పెంటమ్మ అని పెట్టమన్నారు పెద్దోళ్లు. నీచమైన పేరు పెడితే యముడు కన్నెయ్యడని మా పక్క నమ్మకం. నా పేరే చూడండి, పుల్లయ్య. నాకు ముందు ముగ్గురు పోతే మా యమ్మ నన్ను ఎంగిలి విస్తళ్లలో పొర్లించి ఆ పేరు పెట్టింది. డెబ్బై దాటినా ఆ యముడు ఇంకా పిలవలేదు!

మాస్టరు ఒప్పుకోలేదు. "పెంటమ్మంటే బడిలో ఏడిపిస్తారు మామా. టీవీలో ఆ బొమ్మల కుక్క బొంబోను చూసినావా? కొండమీద నుంచి పడతాది, లారీ కింద పడతాది, దులుపుకొని లేస్తాది. కుక్క పేరు కాబట్టి నీచమూ అయితాది, సావూ లేదు."

అట్ల పాప బొంబో అయింది. పాప బతికేసరికి ఆ పేరుకు గిరాకీ వచ్చింది. షెడ్డు యజమాని ప్యాంట్ల వెనక జేబుకు కుక్క బొమ్మ కుట్టించినాడు. టీ అంగడికి అదే పేరు. మా వీధిలో రెండు బోర్లు ఎండినాక మూడోదాంట్లో చెమ్మ తగిలితే దానికీ బొంబో అనే పెట్టినాం. అది రెండు ఎండాకాలాలకే ఎండింది. పేరు మాత్రం ఉండాది.

దగ్గు ముదిరినాక ఆస్పత్రిలో నేను మాస్టరును బెంచీ మీద పట్టుకొని కూర్చుంటే, తొమ్మిదేండ్ల పాప పోయి చీటీ రాయించుకొచ్చింది. చూస్తే రోగి పేరు బొంబో, వయసు నలభై.

"ఇదేందే?"

"నా పేరు నాయనకిచ్చేసినా తాతా. ఆ పేరుంటే సావరు కదా."

మాస్టరు దగ్గు మధ్యలో నవ్వినాడు. "ఉండనీ మామా. ఇంత మంచి గుడ్డ నాకెవురూ కప్పలేదు." నా చెయ్యి పట్టుకొన్నాడు. "నేను పోతే దాని పేరు దానికి ఇప్పించు."

మూడో దినం పోయినాడు. సావు కాగితం మీదా అదే పేరు వచ్చింది.

మాస్టరు భార్య ఆ కాగితం ముట్టుకోలేదు. "పేరు పాపది మామా. సచ్చినోళ్ల కాగితంలో ఉండగూడదు. మార్పించుకొని రా, నీ కాళ్లు మొక్కుతా."

పోయినా. "చీటీలో ఏముంటే అదే వస్తాది పెద్దాయనా" అన్నాడు ఆస్పత్రి గుమాస్తా, తలెత్తకుండానే. వట్టి చేతులతో వచ్చినా.

నిన్న సాయంత్రం వాళ్లింటికి పోయినా. పాప టీవీ ముందర ఉండాది. లోపల నుంచి వాళ్లమ్మ పిలిచింది, "బొంబో, అన్నం తిందువు రా."

పాప తిరగలేదు. తెరమీద కుక్క కొండ అంచు దాటి కిందికి పడింది. అది లేచేలోగా కరెంటు పోయింది.

వాళ్లమ్మ మళ్లీ పిలిచింది.

ఆ చీకట్లో ఎవురూ 'ఆ' అనలేదు.