లేదన్న పెళ్లి

ఈ రోజు మా చెల్లెలు సుబ్బమ్మను తీసుకుని హిందూపురం నుంచి పెనుకొండ వకీలు దగ్గరికి వెళ్లాను. ఆమె భర్త పోయి నెల కాలేదు. పెద్దభార్య కొడుకులు ఇల్లు ఖాళీ చేయమని నోటీసు పంపారు. పెద్దామె ఉండగానే జరిగింది కాబట్టి సుబ్బమ్మ పెళ్లి ‘వాయిడ్’ అని అందులో రాశారు. నేను దగ్గరుండి చేయించిన పెళ్లి అది.

“అట్లంటే ఏంది సామీ?” అని సుబ్బమ్మ వకీలును అడిగింది.

“మొదటినుంచీ ఆ పెళ్లే లేదని అర్థమమ్మా.”

సుబ్బమ్మ బోసి చేతులు చూసుకుంది. “పెళ్లే లేకుంటే పదో దినం నా గాజులు ఎందుకు పగలగొట్టించినారు సామీ? ఆ దినం నన్ను పీట మీద కూర్చోబెట్టింది ఆ కొడుకులే కదా?”

వకీలు నోటీసు మడిచి నా చేతికిచ్చాడు. బస్సులో సుబ్బమ్మ నన్నూ అదే అడిగింది. మీకెవరికైనా జవాబు తెలిస్తే చెప్పండి. పొద్దున లేస్తూనే మళ్లీ అడుగుతుంది.