ఇస్త్రీ పెద్దమ్మ కుడి మోచెయ్యి

వీధిలో అందరికీ ఆవిడ ఇస్త్రీ పెద్దమ్మ. తమ్ముడి లాండ్రీ వెనక గదిలో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నది ఆవిడే. భర్త చనిపోయిన ఏడాదే తమ్ముడు కొత్తగా షాపు తెరిచి, పనివాళ్ళు కుదరక తల పట్టుకు కూర్చుంటే, నాలుగు రోజులు చేతిసాయంగా ఉంటానని వచ్చింది. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. మొన్ననే డెబ్బై రెండు నిండాయి.

ఆ గదిలో నిలబడితే ముందు బల్ల, వెనక గోడ. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో పక్క భవనం గోడ, దాని మీద ఓ నీళ్ళ గొట్టం. ఇస్త్రీ పెట్టె వైరు పైకప్పు నుంచి వేలాడుతుంది. అది సాగినంత మేరే ఆవిడ నడక: అటు మూడడుగులు, ఇటు మూడడుగులు.

తమ్ముడు చెడ్డవాడైతే ఆవిడ ఎప్పుడో అక్కణ్ణుంచి బయటపడేది. కసురుకుంటే ఎదురు తిరగొచ్చు, అన్నం పెట్టకపోతే అలిగి పోవచ్చు. అతను అక్కకు వడ్డించందే తను కంచం ముందు కూర్చోడు. ఆవిడకు జ్వరమొస్తే మరదలు రాత్రంతా తడిగుడ్డ వేస్తుంది. వచ్చినవాళ్ళకల్లా, "ఈ షాపు మా అక్క చేతి మీద నడుస్తోందండీ" అని చెప్పుకుంటాడు. అంత ప్రేమగా చూసేవాళ్ళతో ఇక నా వల్ల కాదని ఎలా అంటారు? ఏటా ఒకసారి అనబోయేది. ఆ ముందురోజే అతను ఆవిడకు మెత్తటి చెప్పులో, నడుముకు కట్టుకునే పట్టీయో తెచ్చిపెట్టేవాడు. మాట గొంతులోనే ఉండిపోయేది.

మంగళవారం పొద్దున బకెట్లోంచి గంజి ఒలికింది. ఆవిడ దాని మీద కాలేసి వెనక్కి పడింది. కుడి మోచెయ్యి గడప అంచుకు తగిలింది. నొప్పి సంగతి అలా ఉంచితే, చెయ్యి పైకెత్తి చాపబోతే అది వంగిందల్లా వంగినట్టే ఉండిపోయింది, ఎవరిదో చెయ్యి అయినట్టు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, నిదానస్తురాలు. ఎక్స్‌రేను దీపం ముందు పెట్టి విడమరిచి చెప్పింది. మోచేతి వెనక మొనలా ఉండే ఎముక విరిగింది. చేతిని చాపే కండరం దాన్ని పట్టుకుని పైకి లాగేసింది. ఆపరేషన్ చేసి తీగలతోనో పలకతోనో బిగిస్తే నెట్టే బలం చాలావరకు తిరిగి రావచ్చు. కానీ ఆ లోహం సరిగ్గా పల్చటి చర్మం కింద ఉంటుంది. గుచ్చుకోవచ్చు, పుండు పడొచ్చు, తీసెయ్యడానికి ఇంకోసారి కోయాల్సి రావచ్చు. లేదూ, కొద్దిరోజులు మెడకు వేలాడే పట్టీలో చెయ్యి ఉంచి, తర్వాత మెల్లగా కదిలించుకుంటూ పోవచ్చు. ముక్కల మధ్య సందు మిగిలిపోతుంది. అయినా ఈ వయసువాళ్ళు తినడం, తల దువ్వుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం బాగానే చేసుకుంటారు, నొప్పి కూడా అంతగా ఉండదు. బలంగా నొక్కి నెట్టే పనులు మాత్రం మునుపట్లా సాగవు.

"అందుకే అడుగుతున్నాను. ఈ చేత్తో మీరు ఏం పని చేస్తారు?" అంది.

అడిగింది ఆవిడనే. జవాబు మాత్రం తమ్ముడు చెప్పాడు.

"పనా మేడమ్? మా అక్క పెట్టిన మడత మీద ఉల్లిపాయలు తరుక్కోవచ్చు. రోజుకు ఎనభై చొక్కాలు. ఈ చెయ్యి మామూలుగా కావాల్సిందే. ఆపరేషనే చేసెయ్యండి."

డాక్టరమ్మ ఆవిడ వంక చూసింది. ఆవిడ నేల వంక చూసింది. ఆపరేషన్‌కి తేదీ ఎప్పుడిస్తారో కింద కనుక్కుని రమ్మని డాక్టరమ్మ అంటే తమ్ముడు హడావిడిగా దిగి వెళ్ళాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. సందు మిగిలిపోతుందన్న మాట ఆవిడ చెవుల్లోంచి పోలేదు. ఎముక విరిగినందుకు లోలోపల ఎక్కడో సంతోషం లాంటిది కదిలింది. కదిలినందుకు సిగ్గేసింది. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయీ, నాకు ఆపరేషన్ కుదరదని మా వాడితో చెప్పవా? షుగరనో, గుండె అనో ఏదో ఒకటి."

"మీకు షుగర్ లేదు పెద్దమ్మగారూ. గుండె నాకంటే బాగుంది."

"ఉందని అంటే ఏం పోయింది?"

"అబద్ధం చెప్పలేను. ఆయన ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఇంకో అబద్ధం కావాలి. మీ వయసుకు పట్టీ కూడా సరైన వైద్యమే, అది నేను గట్టిగా చెప్తాను. ఏది కావాలో మాత్రం మీరే చెప్పాలి."

ఆవిడ పైటకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. మెట్ల మీద తమ్ముడి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయాసపడుతూ వచ్చాడు, గురువారమే కుదురుతుందట, మరదలు పక్కనే ఉంటుందట, అన్నీ మాట్లాడేశాడట.

"నాకు ఆపరేషన్ వద్దురా."

"భయమా అక్కా? నేనుంటాగా."

అవునంటే సరిపోయేది. భయమని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ భయం పోగొట్టడానికి అతను ఎంతకైనా తెగిస్తాడు. వారం రోజులు చెయ్యి పట్టుకు కూర్చుంటాడు, చివరికి ఆవిడ చేతే సరే అనిపిస్తాడు. అది ఆవిడకు తెలుసు.

"భయం కాదు. బాగైతే మళ్ళీ ఆ గదిలోకే పోవాలి. నేనిక ఇస్త్రీ చెయ్యను."

అతను ఆవిడ పక్క బల్ల మీద కూలబడ్డాడు. "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదటి ఏడాది నుంచి."

"ఒక్కసారైనా చెప్పలేదే."

"నువ్వు బాగా చూసుకున్నావురా. అందుకని."

అతని మొహం చూస్తుంటే అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. ఇంటికెళ్ళాక వాడు అన్నం తినడు. రేపటి నుంచి ఆవిడ తిరగాల్సింది కూడా ఆ గది ముందు నుంచే.

డాక్టరమ్మ ఆపరేషన్ వద్దనుకున్నట్టు కాగితం రాసి, కింద సంతకం అడిగింది. అలవాటు కొద్దీ తమ్ముడే జేబులోంచి పెన్ను తీసి ముందుకు వంగాడు, అక్క తరఫున పెట్టేద్దామని. ఆవిడ ఎడం చెయ్యి చాపి ఆ పెన్ను అడిగింది. అతను ఇచ్చాడు, కాగితం జారకుండా ఓ మూల వేళ్ళతో అదిమి పట్టుకున్నాడు కూడా. అక్షరాలు మెట్లు దిగుతున్నట్టు వంకరగా పడుతున్నాయి. బయట వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. ఆవిడ తొందరపడలేదు, పేరు మొత్తం రాసింది.